బొట్టు పెట్టిన తుపాకీ

భవానీపురంలో మేముండే మూడో అంతస్తు ఫ్లాటులో, పడకగది బీరువాలో, మా ఆవిడ పట్టుచీరలకీ నా శాలువాలకీ మధ్య ఒక తోలు పెట్టె ఉండేది. అందులో మా తాతగారి జోడు గొట్టాల తుపాకీ, రెండు ముక్కలుగా విడదీసి, ఎర్ర మఖమలు మీద పడుకుని ఉండేది. ఆ ఇంట్లో నాకంటే హాయిగా నిద్రపోయే ప్రాణి అదొక్కటే అని మా ఆవిడ అనేది.

అది నిద్ర లేచే సందర్భాలు రెండే. ఒకటి దసరాల్లో ఆయుధపూజ. రెండోది ఎన్నికలు. ఎన్నికలు ప్రకటించగానే లైసెన్సున్న వాళ్ళందరూ తుపాకులు పోలీసు స్టేషనులో అప్పగించాలి, అన్నీ ముగిశాక వెనక్కి తెచ్చుకోవాలి. శాసనసభకనీ, కార్పొరేషనుకనీ మనకు ఎన్నికల కొరత లేదు కాబట్టి, దానికి వాహ్యాళి బాగానే జరిగేది. ఆ రోజు నేను గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జరీ అంచు పంచె కట్టుకునేవాణ్ణి. ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసినన్నాళ్ళూ ప్యాంటే వేసుకున్నాను గానీ, తుపాకీ పక్కన ప్యాంటు నప్పదని నా అభిప్రాయం.

ఒకసారి ఆటో అబ్బాయి అద్దంలోంచి పెట్టెను చూసి, "ఫిడేలాండీ?" అని అడిగాడు.

"తుపాకీ," అన్నాను.

అతను స్టేషను దాకా ప్రతి స్పీడుబ్రేకరు దగ్గరా పసిపిల్లను నడిపించినట్టు బండి నడిపాడు. ఆ వేళ నా వెన్ను మరో అంగుళం నిటారుగా ఉండి ఉంటుంది.

ఈ దర్జా అంతా మొన్నటి లైసెన్సు రెన్యువల్ దాకానే. పోలీసు కమిషనరాఫీసు లైసెన్సుల సెక్షనులో కొత్తగా వచ్చిన అమ్మాయి నా ఫారం చూసి, ఒక గడి మీద పెన్ను ఆనించింది.

"ఇది ఖాళీగా వదిలేశారండీ. ఆయుధం ఎందుకు కావాలో రాయాలి."

"మా నాన్నగారు పంట రక్షణ అని రాసేవారమ్మా. నేను రాయకపోయినా ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు."

"పొలం ఎక్కడుందండీ?"

"ఇప్పుడు లేదు."

"పంట లేకుండా రక్షణ ఏంటండీ?" ఆ అమ్మాయి ఎగతాళిగా అనలేదు, పాపం, నిజంగానే అడిగింది. నాకు సాయం చేద్దామని మరో దారి కూడా చూపించింది. "పోనీ, ప్రాణభయం ఏమన్నా ఉందాండీ? శత్రువులూ అలాంటివి?"

ఒకప్పుడు కృష్ణకు ఇటూ అటూ మా కుటుంబానికి బోలెడంతమంది శత్రువులుండేవారు. ఇప్పుడు మమ్మల్ని పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు. శత్రువులుండాలన్నా కాస్తో కూస్తో ఆస్తి ఉండాలి. లేరన్నాను.

"అయితే నెల రోజుల్లో కారణం రాసి, దానికి ఆధారం పట్రండి. లేకపోతే రెన్యువల్ అవదండీ. తుపాకీ అప్పగించెయ్యాలి."

మెట్లు దిగుతూ లెక్క వేసుకున్నాను. పొలాలు పోయాయి, మేడ పోయింది, మేడలోని నిలువుటద్దాలు ఎవరెవరి హాళ్ళలోనో వేలాడుతున్నాయి. ప్రభుత్వం ముద్ర వేసి మరీ మమ్మల్ని పదిమందిలో వేరుగా చూపించే కాగితం ఆ లైసెన్సు ఒక్కటే. అదీ పోతే నేను మా అపార్టుమెంటులో మూడో అంతస్తు పెద్దాయన్ని, అంతే.

వారం తిరక్కుండా కారణం తనంతట తానే మా తలుపు తట్టింది. కొండపల్లి కొండ కింద మా పాత పొలం ఉంది. దాన్ని ఒక కుటుంబం మా దగ్గర కౌలుకు చేసి, తర్వాత మా నాన్నగారి దగ్గర కొనుక్కుంది. ఆ ఇంటి కొడుకు, నా ఈడువాడే, ఒక గోనెసంచి భుజాన వేసుకుని వచ్చాడు. సోఫా ముందున్న టీపాయ్ మీద దాన్ని బోర్లించాడు. సగం కొరికి నమిలి వదిలేసిన మొక్కజొన్న కండెలు, మట్టితో సహా, గుట్టగా పడ్డాయి.

"చూడండి బాబుగారూ. కొండ మీంచి పందులు దిగుతున్నయ్యి. తినేది ఒక వంతు, తొక్కేది మూడు వంతులు. ఈ పంటన్నా దక్కకపోతే ఇంక మొక్కజొన్న జోలికే పోను."

"కంచె వేశావా?"

"వేశానండీ. కంచె కింద తవ్వుకుని వస్తన్నయ్యి. రంగు చీరలు కట్టాను, డబ్బాలు మోగించాను. రెండ్రోజులు భయపడి, మూడో రోజు ఆ డబ్బా పక్కనే పడుకున్నయ్యి."

అడవి పందుల్ని కొట్టడానికి అటవీశాఖ వాళ్ళు వాళ్ళ ఊరికి అనుమతి ఇచ్చారట. లైసెన్సున్న మనిషి పేరు ఊరి తరఫున రాసివ్వాలి. తుపాకీ పనిచేస్తోందని షాపు వాళ్ళ దగ్గర సర్టిఫికెట్ తేవాలి. ఆ రెండూ ఉంటే చాలు.

"మీ ఇంట్లో తుపాకీ పెట్టుకుని నేను ఊరి మీద పడి వెతకడమేంటండీ? మీ పేరు రాయిస్తాను," అన్నాడు.

పంట రక్షణ! ఆధారంతో సహా! నా మొహం వెలిగిపోయి ఉంటుంది. వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"ఆ పందులకి ముందే కబురు పెట్టండి, కదలకుండా నిలబడమని. ఈయన బొద్దింకను కొట్టాలన్నా నన్నే పిలుస్తారు."

ఆమె అన్నది నిజమే. నేను తుపాకీ పేల్చి ఎరగను. మా నాన్నగారూ పేల్చలేదు. పేల్చినవారు తాతగారు. నదిలంకల్లో పుచ్చతోటల మీద పడే నక్కల్నీ, అదే కొండ వాలులో ఒక ఏనుగుగున్నంత పందినీ కొట్టారని మా ఇంట్లో చెప్పుకుంటారు. పందిని ఎడమ గొట్టంలోంచి ఒంటిగుండుతో, ఒక్క దెబ్బకు పడగొట్టారట. ఆ కథ విని పెరిగినవాడికి వేట రాదంటే ఎలా? చేపపిల్లకు ఈత వచ్చినట్టు, వేట నాకు పుట్టుకతోనే వచ్చి ఉంటుందనే అనుకున్నాను.

మర్నాడే పెట్టె పట్టుకుని వన్ టౌన్ వెళ్ళాను. స్టీలు సామాను గోడౌనుకీ తాళ్ళ కొట్టుకీ మధ్య సందులో ఒక పాత తుపాకుల షాపు ఉంది. షాపు పెద్దాయన నాకంటే పదేళ్ళు పెద్ద. కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి, పనికి మాత్రం కిందకి దించుకునే మనిషి.

"పందికి కావాలి," అన్నాను, రోజూ కొనేవాడిలా. "ఏ తూటాలు మంచివంటారు?"

"ఎంత దూరంలోంచి కొడతారు సార్?"

నేను అరల్లోని తూటాల డబ్బాల వైపు చూశాను. ఆయన గ్రహించి, తనే అందుకున్నాడు.

"ముందు తుపాకీ సంగతి. పెద్ద జంతువుకి రైఫిల్ మేలంటారు. కానీ కొండపల్లి చుట్టూ ఇళ్ళు, రోడ్డు, రైలు. రైఫిల్ గుండు తప్పితే పక్కూరి దాకా పోతుంది. అక్కడ రైఫిల్ వద్దు. ట్వెల్వ్ బోర్ జోడు గొట్టమే సరైంది. ఇంక తూటా. ఫోర్ నంబరు, సిక్స్ నంబరు పిట్టలకి. బీబీ వెనకటికి నక్కలకి వాడేవాళ్ళు. ఇప్పుడు నక్కని ముట్టుకుంటే కేసు, ఆ ఊసే వద్దు. పందికి ఎల్‌జీ. శనగగింజ కంటే లావు గుళ్ళు ఆరుంటాయి. ముప్పై అడుగులేస్తే అందేంత దూరంలో, పక్క నుంచి, ముందు కాలి వెనక. ముప్పై దాటితే కాల్చకండి. గుళ్ళు చెదిరిపోతాయి. దెబ్బ తగిలీ చావని పంది మనిషి మీదకొస్తుంది. ఇంకో మాట. మంచె మీద కూచుని కిందకి కొట్టాలి. తప్పిన గుళ్ళు నేలలోకి పోతాయి."

ఇంత వివరంగా మా తాతగారి కథలో కూడా లేదు. ఒక్కో మాటా జాగ్రత్తగా మనసులో దాచుకున్నాను. అప్పుడు పెట్టె తెరిచాను. గొట్టాల మీద ఉన్న మెలికల డిజైను, నీళ్ళలో నూనె తిరిగినట్టుండేది, ఆయనకు కనబడేలా వెలుతురులోకి తిప్పాను. చిన్నప్పటి నుంచీ చుట్టాలకు నేను ముందుగా చూపించేది అదే.

ఆయన కళ్ళద్దాలు దించుకున్నాడు. గొట్టాల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎంత పనితనం!" అన్నాడు చివరికి. నేను తలూపాను. "కానీ సార్, ఇది నగిషీ కాదు. ఇనప పట్టీలు చుట్టి, కాల్చి, అతికించి చేసిన గొట్టం. పాతకాలపు నల్లని తుపాకీమందుకి చేసింది. ఇప్పటి తూటాల్లో మందు వేరు, దాని తోపుడు వేరు. దీనికి పడదు. పైగా ఇప్పటి తూటా పొడుగు, దీంట్లో తూటా పట్టే గది పొట్టి."

"మా తాతగారు దీంతోనే పందిని కొట్టారండీ. ఎడమ గొట్టంతో. ఒంటిగుండు."

ఆయన ఎడమ గొట్టాన్ని తిప్పి, అడుగున ఒకచోట గోటితో గీకాడు. ఏళ్ళనాటి నూనె జిడ్డు లేచి, చిన్న ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి. ఈ గొట్టంలో గుండు వాడరాదని చేసినవాళ్ళే చెక్కి పెట్టారు. మూడు తరాలుగా నూనె రాశాం గానీ, ఒక్కరమూ చదవలేదు.

"కుడి గొట్టమేమోలెండి," అన్నాడు పెద్దాయన మర్యాదగా.

నేను కూడా మర్యాదగా, "కుడిదే అయ్యుంటుంది," అన్నాను.

తర్వాత ఆయన స్పిరిటు గుడ్డతో గొట్టాల మొదలు తుడిచాడు. గుడ్డ పసుపుపచ్చగా అయింది, ఆపైన ఎర్రగా అయింది. పొరలు పొరలుగా ఊడి, కింద వరసగా మూడు గుంటలు కనిపించాయి. పెద్దది కుడి గొట్టం మీద, నా చిటికెన వేలి గోరంత. ఆయన కొలిచే పరికరం పెట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"మందు అంటుకున్నప్పుడు బలమంతా పడేది సరిగ్గా ఇక్కడ. ఇక్కడే రేకు సగమైంది. ఏంటి సార్ ఇది?"

"ఆయుధపూజ," అన్నాను. "పసుపునీళ్ళు చల్లి, బొట్లు పెడతాం."

"ఏటా?"

"ఒక్క ఏడూ మానలేదు."

"అదేనండీ. బొట్టు ఏటా పెట్టారు. గొట్టంలో గుడ్డ మాత్రం ఒక్కసారీ పెట్టలేదు." ఆయన గొట్టాల్ని మఖమలు మీద పడుకోబెట్టాడు. "సర్టిఫికెట్ ఇవ్వలేను. మీరు ఇందులో ఎల్‌జీ వేసి పేలిస్తే పంది క్షేమంగానే ఉంటుంది. మీ చెయ్యే ఉండదు."

ఇంటికొచ్చి సంగతి చెప్పాను. మా ఆవిడ చేతిలో పని ఆపేసింది. ముప్పై ఏళ్ళుగా బొట్టు పెడుతున్నది తనే.

"అత్తయ్యగారు చూపించిన చోటే పెట్టానండీ. ఆవిడకి వాళ్ళత్తగారు చూపించారట."

"నిన్నేమీ అనడం లేదు."

"అయినా నాకు తెలియక అడుగుతాను. మిక్సీకి పెట్టాను, కుట్టుమిషనుకి పెట్టాను, మీ స్కూటరుకి పెట్టాను. దేనికీ ఏమీ కాలేదే?"

"వాటిని వాడుతున్నాం కదా. తుడుస్తాం," అన్నాను. ఆమె మెల్లగా నవ్వింది. "ఇంట్లో అందరికంటే గౌరవంగా చూసింది దాన్నే," అంది.

రెండు రోజుల తర్వాత కొండపల్లి బస్సెక్కాను, రైతుకు నిజం చెప్పేద్దామని. పొలంలో మొక్కజొన్న నా ఎత్తు దాటి ఉంది. మధ్యమధ్య ఎద్దులబండి దొర్లినట్టు పడిపోయిన చాళ్ళు. గట్టు మీద కూర్చోబెట్టి, నేను నోరు విప్పకముందే అతను జేబులోంచి ఒక కాగితం తీశాడు. ఊరి తరఫున సంతకాలు, ముద్ర. నా ఇంటిపేరు, నా పేరు, పంట రక్షణ నిమిత్తం.

"నా తుపాకీ పనికిరాదోయ్," అన్నాను. "షాపాయన సర్టిఫికెట్ ఇవ్వనన్నాడు."

"దాందేముందండీ! ఇంకో చోట చూడకుండా రాసిచ్చేవాళ్ళుంటారు. మీరు మంచె మీద అలా కూచోండి, చాలు. కాల్చడానికి వేరే మనిషిని మాట్లాడా. థర్మల్ కరెంటు స్టేషనులో సెక్యూరిటీ చేసి రిటైరయ్యాడు, ముందు మిలట్రీ. మీ పేరూ రాస్తాం, ఆయన పేరూ రాస్తాం. మీ లైసెన్సు మీకుంటది, నా పంట నాకుంటది."

కాగితం రెండుసార్లు చదివాను. అందులో ఒక్క అక్షరం కూడా చూడ్డానికి తప్పుగా లేదు. సెక్షను అమ్మాయి చేతిలో పెడితే చాలు.

"లైసెన్సు సంగతి నీకెలా తెలుసు?" అని అడిగాను. నేను అతనికి చెప్పలేదు.

అతను గడ్డిపరక తుంచి నమిలాడు. "తెలవకేమండీ. పెద్దబాబుగారు రెన్యువల్‌కి ఇచ్చేటప్పుడల్లా మా నాన్న దగ్గరికొచ్చేవారు. ఈ పొలానికి బాబుగారి తుపాకీయే కాపలా అని మా నాన్న సంతకం పెట్టిచ్చేవాడు. పొలం మేం కొన్నాక కూడా. మీకేమన్నా ఇబ్బందేమోనని ఇప్పుడు నేనే ముందొచ్చాను."

మా నాన్నగారు కూరలవాడు చిల్లర ఎక్కువిస్తే వీధి చివరిదాకా నడిచి వెళ్ళి తిరిగిచ్చిన మనిషి. ఆయన పొలం అమ్మిన తర్వాత, కొన్నవాడి గట్టు మీదే కూర్చుని ఆ కాగితం రాయించుకున్నారంటే, ఎంత మొహమాటపడి ఉంటారో! ఇంటికొచ్చి మాతో తుపాకీ గురించి తల ఎత్తుకునే మాట్లాడేవారు. సంతకం పెట్టినవాళ్ళు ఇన్నేళ్ళూ ఆ మాట ఎక్కడా జారనివ్వలేదు. మేం వీళ్ళ పంటను కాపాడుతున్నామని కాగితాల్లో ఉంది. నిజానికి ఇన్నాళ్ళూ వీళ్ళే మా పరువు కాపాడారు.

కాగితం నాలుగు మడతలు పెట్టి అతని జేబులో పెట్టాను.

"నా పేరు కొట్టించెయ్యి."

"కోపం వచ్చిందా బాబుగారూ?"

"లేదు. మీ నాన్న పెట్టిన సంతకాలు చాలు. నువ్వు కూడా పెట్టక్కర్లేదు."

అతను జేబులోని కాగితం తడుముకున్నాడు. "ఈ పట్టుదల మాత్రం పెద్దబాబుగారిదే," అన్నాడు నవ్వుతూ. ఆ ఒక్క మాటకు లైసెన్సు పోతున్న బాధ సగం తగ్గింది.

అంతలో ఆ మిలట్రీ ఆయన సైకిలు మీద వచ్చాడు. ఆయన తుపాకీ చూస్తే నాకు జాలేసింది. నల్లరంగు గొట్టాలు, పిడికి ఎలక్ట్రికల్ టేపు చుట్టి ఉంది. కానీ తెరిచి చూపిస్తే గొట్టం లోపల అద్దంలా మెరుస్తోంది. బొట్టు లేదు. జేబులోంచి తూటాలు తీసి గట్టు మీద నిలబెట్టాడు. చివర నాలుగు అంకె ఉంది.

"ఇవి పిట్టల తూటాలు," అన్నాను.

"దగ్గర్నించి కొడితే ఏదైనా పడుద్ది సార్."

"పందికి తోలు మీదే ఆగిపోతాయి. దెబ్బ తిన్న పంది మీ మీదకే వస్తుంది. ఎల్‌జీ కావాలి. ముప్పై అడుగులకి మించకూడదు." రైతు వైపు తిరిగాను. "మంచె కొండ వైపు కాదు, ఇటు వేయించు, కాలిస్తే గుళ్ళు వాలులోకి పోయేలా. అటు నుంచి కాలిస్తే రోడ్డు మీదకి పోతాయి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "సార్‌కి బాగా అనుభవం ఉన్నట్టుందే. ఎప్పట్నించండీ?"

"మొన్న మంగళవారం నుంచి," అన్నాను. రైతు గట్టు మీంచి పడబోయి తమాయించుకున్నాడు.

మర్నాడు ఆయన్ని వెంటబెట్టుకుని వన్ టౌన్ వెళ్ళాను. ఆయన లైసెన్సు మీద ఆయనే ఎల్‌జీ కొనుక్కున్నాడు. షాపు పెద్దాయన టేపు చుట్టిన తుపాకీని తెరిచి, వెలుతురులోకి చూసి, నా వైపు తిరిగాడు. "ఇదీ సార్, పందికి తుపాకీ." నాకేమీ అనిపించలేదంటే అబద్ధం. కానీ ఒప్పుకున్నాను.

ఆ ఆదివారం తెల్లవారే వేళకి మంచె మీద ముగ్గురం ఉన్నాం. అక్కడ ఉండే హక్కు నాకేమీ లేదు. తూటాల సలహాదారు హోదాలో వెళ్ళాను. కొండ అంచు తేటపడుతుండగా చాళ్ళు కదిలాయి. ముందు ఒక పెద్ద మగపంది, వెనక నాలుగైదు. మిలట్రీ ఆయన తుపాకీ ఎత్తి, కాల్చకుండా ఆగాడు. అడుగులు లెక్కపెడుతున్నాడని అర్థమైంది. నేనూ లెక్కపెట్టాను. ఇరవై ఐదు దగ్గర అది పక్కకి తిరిగింది.

తుపాకీ ఇంట్లో పుట్టి, తుపాకీ ఇంట్లో ముసలివాణ్ణై, తుపాకీ చప్పుడు పక్కనుంచి వినడం అదే మొదటిసారి. మంచె ఊగింది. కళ్ళజోడు జారి నా ఒళ్ళో పడింది. తిరిగి పెట్టుకునే సరికి మగపంది పడి ఉంది, మిగతావి కొండెక్కుతున్నాయి. ఒక్క దెబ్బ.

"ముందు కాలి వెనక," అన్నాను, నేనే కొట్టినట్టు.

అటవీశాఖ వాళ్ళొచ్చి రాసుకుని, దాన్ని పూడ్పించారు. ఆ తర్వాత మందలు ఆ వైపు రావడం తగ్గిందట. మిగిలిన పంట రైతుకు దక్కింది. సంచెడు కండెలు మా ఫ్లాటుకు పంపించాడు, ఈసారి కొరకనివి.

తుపాకీని పెట్టెతో సహా షాపు పెద్దాయనకు అప్పగించి, రశీదు తీసుకున్నాను. మా ఆవిడ పంపేముందు దానికి బొట్టు పెట్టింది. ఈసారి కర్రపిడి మీద. అక్కడైతే ఏమీ కాదులెండి, అంది.

నెల గడువుకు రెండు రోజుల ముందు సెక్షనుకు వెళ్ళాను, గంజి చొక్కా, జరీ పంచెతోనే. ఆ అమ్మాయి గుర్తుపట్టి కుర్చీ చూపించింది.

"కారణం దొరికిందాండీ?"

"దొరికింది," అని లైసెన్సు పుస్తకం, రశీదు బల్ల మీద పెట్టాను.

ఆమె చూసి, మరో ఫారం తీసింది. అందులోనూ ఒక గడి. "ఎందుకు వదులుకుంటున్నారో రాయాలండీ. వయసు పైబడిందని రాసెయ్యండి, అందరూ అదే రాస్తారు."

నేను పెన్ను తీసుకుని రాశాను: "అడవి పందికి తగినది కాదు."

ఆమె చదివింది. తలెత్తి నన్ను చూసింది. మళ్ళీ చదివింది. "ఇలాంటిది ఎప్పుడూ చూళ్ళేదండీ."

"నిజం అదేనమ్మా. ఆధారం కూడా ఉంది, కావాలంటే."

అక్కర్లేదని నవ్వి, ముద్ర వేసింది.

బయటికొచ్చాక చేతులు వింతగా అనిపించాయి, పట్టుకోవడానికి ఏమీ లేదు. పెట్టె ఉన్నన్నాళ్ళూ ఆటో మొత్తం నాకొక్కడికే మాట్లాడుకోవలసి వచ్చేది. ఆ వేళ షేరాటో ఎక్కాను. వెనక సీటులో అప్పటికే ముగ్గురున్నారు. జరగండి జరగండి అని నన్నూ మధ్యలో కుక్కారు. భవానీపురం దాకా నిటారుగానే కూర్చున్నాను. వంగుదామన్నా చోటు లేదు.